ఊసి ఆఫీసులో సన్మానం

మాకు సన్మానం చేస్తామని మా మందుల సెంటరు నడిపే ప్రేమ్‌నాథ్ సార్ చెప్పినప్పుడు నాకు ముందు భయం వేసింది. మద్రాసులో మా తొండియార్‌పేటలో ఒక మనిషిని పెద్ద బొమ్మగా వేసి వీధి మొగలో కట్టారంటే, ఆ మనిషి ఎలక్షన్‌కి నిలబడి ఉండాలి, లేదంటే పోయి ఉండాలి. మా ఆయనకి ఆ రెండింటిలో ఒకటే సాధ్యం. అందుకే వద్దన్నాను.

"ఫోటో వెయ్యం అంజలై. గోప్యత మా ప్రాణం," అన్నారు సార్. "మీరిద్దరూ ఆదర్శ దంపతులు. రెండేళ్ళుగా ఒక్క రోజు మానకుండా కుప్పుసామి మందుకు వచ్చినాడు. మీ సంగతి లోకానికి తెలియాల."

గోప్యంగా ఉంటూనే లోకానికి తెలియడం ఎట్లాగో నాకు అర్థం కాలేదు. సార్ పెద్ద చదువులు చదివారు కాబట్టి ఆయనకు దారి తెలిసే ఉంటుందనుకుని సరేనన్నాను.

కుప్పుసామి మా ఆయన. పేరు రాస్తున్నాను గానీ, నోటితో ఎప్పుడూ పిలిచింది లేదు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు. ఒకప్పుడు ఎన్నూరు రోడ్డులో బొగ్గు లారీ తోలేవాడు. ఆ రోడ్డు మీదే మత్తు సూది అలవాటయింది. నలుగురూ ఒకే సూది వాడుకునే స్నేహం వాళ్ళది. దాంతో హెచ్‌ఐవీ ఆయనకొచ్చింది, ఆయన నుంచి నాకొచ్చింది. దాన్ని గురించి ఏడవాల్సిన ఏడుపంతా నేను ఎప్పుడో ఏడ్చేశాను. మా ఇద్దరి హెచ్‌ఐవీ మాత్రలు పెద్దాసుపత్రిలో నెలకొకసారి ఇస్తారు. రాత్రి అన్నం తిని మింగి పడుకుంటాం. దాంతో మాకు పెద్ద పేచీ లేదు.

పేచీ అంతా ఆ సూదితోనే. అది మాన్పించడానికి ఇంకో చిన్న మాత్ర ఉంది. దాన్ని నాలుక కింద పెట్టుకుని, నర్సు ఎదురుగా కూర్చుని, కరిగేదాకా నోరు మూసుకుని ఉండాలి. ఇంటికివ్వరు. రోజూ రావాల్సిందే. అది పడితే మా ఆయన బంగారంలాంటి మనిషి. మా ఇస్త్రీ బండి దగ్గర నిలబడి సాయంత్రం దాకా పనిచేస్తాడు, నాతో పోట్లాడతాడు, నవ్విస్తాడు. అది పడకపోతే ముక్కు కారుతుంది, ఎముకలు పీకుతాయి, ఆ తర్వాత కాళ్ళు ఆయన మాట వినవు. ఆ సూది దొరికే రైలు పట్టాల పక్కకు వాటంతటవే నడుస్తాయి.

ఈ రెండేళ్ళకు ముందు ఒకసారి తుఫానుకి వీధంతా నీళ్ళు నిలిచి సెంటరు మూసేశారు. రెండు రోజులే. ఆ రెండు రోజుల్లో పట్టాల పక్కకు పోయిన మనిషిని వెనక్కి తెచ్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాది నేనెట్లా బతికానో నాకూ ఆ దేవుడికీ తెలుసు. అందుకే ఆ మాత్ర ఒక్క పూట ఆలస్యమైతే నా ప్రాణం నా దగ్గర ఉండదు.

ఇక ఆ సెంటరు సంగతి. టైర్లషాపు పైన మేడ మీద ఉంటుంది. ఎవరికీ అనుమానం రాకూడదని దానికి "సమగ్ర సముదాయ క్షేమ కేంద్రం" అని బోర్డు పెట్టారు. ఆ పేరు చెబితే ఆటోవాళ్ళు తెల్లమొహం వేస్తారు. 'ఊసి ఆఫీసు' అంటే మాత్రం తిన్నగా మెట్ల దగ్గర దింపుతారు. ఊసి అంటే అరవంలో సూది. నేను ఇట్లా ఎగతాళి చేస్తున్నానని వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. ఆ మేడ లేకపోతే నేను ఈపాటికి ముండమోసి ఉండేదాన్ని. ప్రేమ్‌నాథ్ సార్ కూడా మంచివాడే. మాలో ఎవరైనా ఆసుపత్రిలో పడితే అర్ధరాత్రయినా వస్తాడు. ఆయనకున్న జబ్బు ఒకటే, ఫంక్షన్లు. దానికింకా మందు కనిపెట్టలేదు.

ఫంక్షను సోమవారం. ముందు రోజు డెకరేషన్‌వాళ్ళు వస్తారని మాకు తెల్లవారుతుండగానే మాత్రలిచ్చి పంపేశారు. సోమవారం ఉదయం వెళ్ళేసరికి మేడ కల్యాణమండపంలా ఉంది. కుర్చీలకు తెల్లబట్టలు తొడిగారు. రోడ్డు మీద కరెంటు స్తంభానికి లౌడ్‌స్పీకరు కట్టారు. మెట్ల దగ్గర ఒక అమ్మాయి నిలబడి మాకందరికీ ఊదారంగు మాస్కులిస్తోంది. ఆ అమ్మాయి పేరు చాందిని. అంబత్తూరులో బోల్టులు చేసే కంపెనీ తరఫున వచ్చింది. సెంటరుకి డబ్బులిచ్చేది ఆ కంపెనీయే. మాస్కు మీద ఆ కంపెనీ బోల్టు బొమ్మ కూడా ఉంది.

"ఎవరు పేషెంటో ఎవరికీ తెలియకూడదు కదా ఆంటీ," అంది చాందిని నవ్వుతూ.

పేషెంట్లకు మాత్రమే మాస్కు. సారుకి లేదు, నర్సుకి లేదు, అతిథులకు లేదు. ఊరికే చూసిపోదామని పైకొచ్చిన టైర్లషాపు శక్తివేల్ హాలంతా కలయజూసి, "అమ్మాడీ, ఊదారంగువాళ్ళు ఇంతమంది ఉండారా!" అన్నాడు. అన్నవాడు అక్కడే ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

నేను మాస్కుల్ని కూడా క్షమించేదాన్ని. నా గుండె గుభేలుమన్నది స్టేజీ చూసి. ఆ హాల్లో కిటికీల్లేని గోడ ఒకటే. మందుల గది తలుపు ఉండేది ఆ గోడకే. డెకరేషన్‌వాళ్ళు దానికి ఆనించి స్టేజీ వేసి, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఫ్లెక్సు కట్టేశారు. దాని మీద ఉదయించే సూర్యుడు, కలిపిన చేతులు, పెద్ద బోల్టు, ఆ బోల్టు కంపెనీ చైర్మన్‌గారి పేరు, కింద "ఎవరినీ వెనక వదలం" అని రాత. మా మాత్రలు ఆ రాత వెనకాలే ఉండిపోయాయి.

నర్సు సరణ్య పట్టుచీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని, కుంకం భరిణె పట్టుకుని తిరుగుతోంది. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"సిస్టరమ్మా, ఈయన మాత్ర ఇచ్చెయ్యండి. ఆ మూలన కూర్చుని వేసుకుంటాడు."

"తాళంచెవి నా దగ్గరే ఉంది అక్కా," అంది సరణ్య గొంతు తగ్గించి. "తలుపు ఎక్కడ? నిన్నటి నుంచి సార్‌కి చెప్తానే ఉండా. సార్ ఫ్లెక్సు ముట్టుకోవద్దంటారు."

సార్ దగ్గరకే వెళ్ళాను. ఆయన ఫోన్లో ఎవరికో దారి చెబుతున్నారు.

"ఒక్క గంట ఓర్చుకో అంజలై. చైర్మన్‌గారు ఎన్నూరులో బయల్దేరేసినారు. ఆడ మీనుపట్టేవాళ్ళకు వలలిచ్చి నేరుగా ఈడికే వస్తా ఉండారు. ఫంక్షను కాగానే అందరికీ మాత్ర, బిర్యానీ."

"ఫ్లెక్సు ఓ పక్క కాస్త ఎత్తి కట్టుకుంటే చాలు గదా సార్?"

"ఎత్తితే చైర్మన్‌గారి పేరు మడత పడుతుంది," అన్నారు సార్. ఆయన మొహంలో నిజంగానే బాధ కనిపించింది. మా బాధ ఆయనకు తెలియక కాదు. ఆ పేరు మడత పడితే వచ్చే ఏడాది మాత్రలే ఉండవని ఆయన భయం. ఆ భయం నాకూ అర్థమైంది, అందుకే నోరు మూసుకుని వచ్చి కూర్చున్నాను.

ఎన్నూరులో బయల్దేరారని చెప్పగానే మా ఆయన నవ్వాడు. "ఆ రోడ్లో బయల్దేరేది అందరూ బయల్దేరతారు మే. వచ్చి చేరేది లారీవాళ్ళ చేతిలో ఉండాది," అన్నాడు.

మధ్యాహ్నం దాటింది. చైర్మన్ రాలేదు. మైకులో ఒకాయన "ఇంకాసేపట్లో, ఇంకాసేపట్లో" అంటూనే ఉన్నాడు. ఈలోపల హాల్లో ఆవలింతలు మొదలయ్యాయి. మాత్ర వేళ తప్పితే ముందు వచ్చేవి అవే. ఆ తర్వాత ముక్కులు కారడం, కళ్ళు కారడం. కూర్చున్నవాళ్ళు కాళ్ళు కదుపుతున్నారు, వెంట్రుకలు నిక్కబొడుచుకున్న చేతుల్ని రుద్దుకుంటున్నారు. ఊదా మాస్కుల పైన ఎవరి కళ్ళు చూసినా నీళ్ళే. చాందిని అది చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"సో ఎమోషనల్, సార్!" అని ప్రేమ్‌నాథ్ సార్‌కి చెప్పి, వరసగా అందరి కళ్ళనూ వీడియో తీసుకుంటూ వెళ్ళింది. మా ఆయన దగ్గరకొచ్చి, "అంకుల్, ఏడవకండి, మీరు గెలిచారు," అంది. ఆ పిల్లను తిట్టడానికి కూడా నాకు మనసొప్పలేదు. అంత అమాయకంగా అడ్డం పడేవాళ్ళను ఏమని తిడతాం?

చైర్మన్ పరంధామయ్యగారు వచ్చేసరికి ఎండ దిగింది. మా తెలుగాయనే, తాతల కాలం నుంచి మద్రాసులో స్థిరపడిన కుటుంబం. మనిషి దబ్బపండులా ఉన్నాడు. రాగానే మాకు దణ్ణం పెట్టాడు. ఇక మాత్ర దగ్గరపడిందని నాకు ప్రాణం లేచొచ్చింది. పడలేదు. ప్రార్థన పాట పాడారు. దీపం వెలిగించబోతే ఫ్యాను గాలికి ఆరింది. ఫ్యాను ఆపి వెలిగించారు. మళ్ళీ వేసేలోగా ఆ ఉక్కకు మావాళ్ళలో ఇద్దరు లేచి బాత్రూముకి పరిగెత్తారు. ఆ తర్వాత శాలువాలు మొదలయ్యాయి. సార్ చైర్మన్‌కి కప్పారు, చైర్మన్ సార్‌కి కప్పారు, మా వార్డు కౌన్సిలర్ ఇద్దరికీ కప్పి తను కప్పించుకున్నాడు. డెకరేషన్‌వాడిని కూడా పిలిచి కప్పారు. మాకంత కష్టం తెచ్చిపెట్టిన ఫ్లెక్సు కట్టింది వాడే.

చైర్మన్ అరవంలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చాడు. "నేను ఎన్నో సభలకు పోయినాను. ఇంతమంది కళ్ళల్లో నీళ్ళు ఏ సభలోనూ చూడలేదు. ఈ కన్నీళ్ళు మార్పుకు గుర్తు," అన్నాడు. కన్నీళ్ళు తన ఖాతాలో వేసుకున్నాడు గానీ, ఆవలింతలకు మాత్రం కొంచెం నొచ్చుకున్నట్టే ఉన్నాడు.

నేను ప్రసంగం వినడం మానేశాను. మా ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. అది చెమటకు జారుతోంది.

"మే, ఒక టీ తాగొస్తా," అన్నాడు.

ఆ పాడు ఏడాదిలో పట్టాల పక్కకు పోయిన ప్రతిసారీ ఆయన నాకు చెప్పింది ఆ మాటే.

"కాస్త ఉండయ్యా. అయిపోవస్తా ఉండాది."

"ఉండలేను మే. ఎముకల్లో ఏదో పాకతా ఉండాది. నన్ను ఒదిలెయ్." ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకంత భయం వేసేది కాదు. నిజంగా ఒదిలెయ్యమని బతిమాలుకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడే మైకులో మమ్మల్ని సన్మానానికి పిలిచారు. గోప్యత కాబట్టి పేర్లు చెప్పలేదు. "ఇస్త్రీ బండి నడుపుకుంటున్న ఆదర్శ దంపతులు" అన్నారు. తొండియార్‌పేట ఆ మూలలో ఇస్త్రీ బండి ఉన్న మొగుడూ పెళ్ళాం మేము తప్ప ఇంకెవరూ లేరు. శక్తివేల్ వెనక్కి తిరిగి, "అక్కా, మిమ్మల్నే!" అని సాయంగా అరిచాడు. ఇద్దరు వాలంటీర్లు వచ్చి నన్ను లేపారు. "నువ్వు పో, నేను మొహం కడుక్కుని వస్తా," అని మా ఆయన చెయ్యి విడిపించుకున్నాడు.

స్టేజీ ఎక్కాక హాలంతా కనిపించింది. చైర్మన్ నా భుజాల మీద శాలువా కప్పుతున్నాడు. కెమెరావాడు ఇటు చూడమంటున్నాడు. నేను చూస్తున్నది హాలు చివరికి. మా ఆయన మొహం కడుక్కునే వైపు పోలేదు. మాస్కు తీసి జేబులో పెట్టుకుని, మెట్ల వైపు నడుస్తున్నాడు. సార్ నా చేతికి మైకిచ్చి, "నేర్పించినట్టే చెప్పు," అన్నారు. 'నా జీవితంలో వెలుగు నింపిన' అని మొదలయ్యే ముక్కలు నాలుగు నాకు నేర్పించి ఉన్నారు.

మా ఆయన మొదటి మెట్టు దిగాడు.

"కుప్పుసామీ!"

నా గొంతు రోడ్డు మీద స్తంభానికి కట్టిన స్పీకర్లోంచి తిరిగి నాకే వినిపించింది. పెళ్ళయినాక మొదటిసారి మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం, అదీ వీధి వీధంతా దద్దరిల్లేలాగా.

"కుప్పుసామీ, మెట్లు దిగబాకు! ఆడ్నే నిలబడు! సూది దగ్గరకు పోయినావంటే నేను చచ్చినా నీ మొహం చూడను! నీ మాత్ర ఇప్పుడే ఇప్పిస్తా, ఇదిగో!"

వీధిలో టీకొట్టు దగ్గరివాళ్ళు తలెత్తి చూసి ఉంటారు. మేము బట్టలు తెచ్చుకునే ఫ్లాట్ల బాల్కనీలకు కూడా ఆ స్పీకరు బాగా వినిపిస్తుంది. రేపు తలుపు తీసి బట్టలిస్తారో, తీయకుండానే పొమ్మంటారో. ఇన్నేళ్ళు దాచుకున్నదాన్ని నా నోటితో నేనే ఊరంతా చాటానని ఒక్క క్షణం ఒళ్ళు చల్లబడింది. ఆ తర్వాత, పోనీ, మనిషుంటే కదా బండి అనుకున్నాను.

శాలువా తీసి కింద పడేసి, ఫ్లెక్సు తాడు ముడి పట్టుకున్నాను. "అంజలై! వద్దు! ఫ్లెక్సు!" అని సార్ అరుస్తూనే ఉన్నారు. బొగ్గుల పెట్టె ఎత్తి ఎత్తి కాయలు కాచిన చేతులు నావి. నైలాను ముడి నాకొక లెక్కా? ఈ మూల ముడి ఊడగానే ఆ మూల మేకు బరువు ఆపలేక ఊడొచ్చింది. సూర్యుడు, బోల్టు, కలిపిన చేతులు అన్నీ కలిసి స్టేజీ మీద వరసగా కూర్చున్న పెద్దమనుషుల నెత్తిన పడ్డాయి. లోపల నుంచి కౌన్సిలర్ ఎవరినో బూతులు తిడుతున్నాడు.

తలుపు బయటపడింది. సరణ్య ఎవరినీ ఏమీ అడగలేదు. కుంకం భరిణె కుర్చీలో పెట్టి, చీరకొంగు నడుముకి దోపుకుని, ఫ్లెక్సు మీద నుంచే నడిచొచ్చి తాళం తీసింది. ఊదా మాస్కులన్నీ ఒక్కసారి లేచాయి. తోసుకోలేదు, అరవలేదు. రోజూ అలవాటైన వరసలోనే స్టేజీ మీదకు వచ్చి నిలబడ్డారు.

ప్రేమ్‌నాథ్ సార్‌ని ఇక్కడ మెచ్చుకోవాలి. ఒక్క క్షణం కొయ్యబారిపోయారు గానీ, వెంటనే రెండో మైకు అందుకున్నారు. "తరువాతి అంశం," అన్నారు, "మా సేవల ప్రత్యక్ష ప్రదర్శన!" హాలంతా చప్పట్లు కొట్టింది. చైర్మన్‌గారు జుట్టు రేగిపోయి ఫ్లెక్సు కింద నుంచి తల బయటపెట్టి, ఏం జరుగుతోందో తెలియకపోయినా ఆయన కూడా చప్పట్లు కొట్టాడు.

నేను మాత్రం మెట్ల వైపే చూస్తున్నాను. అక్కడ మా ఆయన కనబడలేదు. అంతలో శక్తివేల్ ఆయన్ని భుజం పట్టుకుని పైకి తీసుకొచ్చాడు. "పో అన్నా, మీ ఇంటామె పేరు పెట్టి పిలిచినాక కూడా పోకపోతే ఎట్లా?" అంటున్నాడు. మా ఆయన తల దించుకుని వచ్చి వరస చివర నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. సరణ్య ఆయన నాలుక కింద మాత్ర పెట్టేదాకా నేను ఊపిరి తీసుకున్నానో లేదో నాకు గుర్తులేదు. పెట్టాక మాత్రం స్టేజీ మీదే కూలబడ్డాను.

మాత్ర వేసుకున్నవాళ్ళంతా గోడవారన కూర్చున్నారు. కరిగేదాకా మాట్లాడకూడదు, మింగకూడదు. అందరూ మాస్కులు గడ్డం కిందికి లాక్కుని, పెదాలు బిగించి, తలలు దించుకుని ఉన్నారు. చెంపల మీద తడి ఇంకా ఆరలేదు. వాళ్ళను చూసి మిగతావాళ్ళు కూడా మాటలు ఆపేశారు. పొద్దుటి నుంచి మొదటిసారి మైకులో ఎవరూ ఏమీ అనలేదు. ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

చైర్మన్‌గారు ఎడమకు చూశాడు, కుడికి చూశాడు. ఆయనకు సభామర్యాద బాగా తెలుసు. మెల్లగా లేచి నిలబడి, భుజం మీది శాలువా తీసి చేతిమీద వేసుకుని, రెండు చేతులూ ముందు కట్టుకుని తల వంచాడు. చైర్మన్ లేచాడని సార్ లేచారు. సార్ లేచారని కౌన్సిలరూ చాందినీ లేచారు. ఆ తర్వాత ఒక్కో వరసా కుర్చీల చప్పుడు కూడా రానీకుండా లేచి నిలబడి తలలు వంచింది. అందరూ మౌనం పాటిస్తున్నారు.

గోడవారన మా ఆయన నోరు మూసుకునే తలెత్తి, లేచి నిలబడ్డ జనాన్ని చూశాడు. తర్వాత నా వైపు చూసి, ఎవరు పోయారని కళ్ళతో అడిగాడు. నాకు ముందు ఒళ్ళు మండింది, ఆ వెంటనే నవ్వొచ్చింది, నవ్వుతుంటే ఏడుపొచ్చింది. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.

"కూర్చోండి సార్," అన్నాను చైర్మన్‌గారితో. "మేమింకా బతికే ఉండాం."